చాంద్‌మారి

మా దాదీ సుర్మా పెట్టుకునే గొట్టం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇత్తడిది. చూపుడు వేలికన్నా కాస్త పొట్టి. అడుగున బొటనవేలంత లావు, పైకి పోనుపోను సన్నం. మూతికి కర్ర బిరడా. అడుగున సరిగ్గా నడిమధ్యన ఓ చిన్న సొట్ట. ఆ సొట్టేమిటని అడిగితే "ఘోడా మారా" అని మాట మార్చేసేది. గుర్రం తన్నిందేమో అనుకున్నాను చాలా ఏళ్లు. మా దాదా సవారు కదా, ఇంట్లో ఒకప్పుడు గుర్రం ఉండేదట కదా, అది తొక్కి ఉంటుందనుకున్నాను. ఉర్దూలో తుపాకికీ ఘోడా ఉంటుందని, తెలుగులో కూడా తుపాకికి గుర్రమే ఉంటుందని చాలా తర్వాత తెలిసింది. (నిజానికి ఈ తూటా పేలిన తుపాకికి బయటికి కనిపించే గుర్రం లేదు. లోపలే ఓ సూది ఉంటుంది. దాదీకి ఆ సంగతి ఎవరు చెబుతారు?)

అది సుర్మాదానీ కాదు. మార్టినీ హెన్రీ తుపాకిలో పేలిపోయిన తూటా ఖోఖా. పెద్దకొడప్‌గల్ బయట ఓ ఎండాకాలం మా దాదా పేల్చిన మూడు తూటాల్లో ఒకటి. 1948లో ఆయన ప్రాణం మీదికి తెచ్చింది కూడా ఇదే.

చరిత్ర రాసేవాళ్లకి మేం రెండు వేషాల్లోనే కనిపిస్తాం. ఒకటి నవాబు, రెండోది రజాకారు. ఒకడి చేతిలో పేక ముక్కలు, ఇంకొకడి చేతిలో తుపాకి. మధ్యలో బతికిన లక్షల మంది - దూది ఏకినవాళ్లు, తోలు మోసినవాళ్లు, కామారెడ్డి, బాన్సువాడ గల్లీల్లో బీడీలు చుట్టిన ఆడవాళ్లు, ఆరు రూపాయల జీతానికి ఎవరి గడప ముందో పహరా కాసినవాళ్లు - వీళ్లకి వేషం లేదు కాబట్టి చరిత్రలో పాత్ర కూడా లేదు. మా దాదా ఆ ఆఖరి జాతివాడు. ఓ జాగీర్దారు దగ్గర సవారు. గుర్రం ఆయనది కాదు. తుపాకి ఆయనది కాదు. కాళ్లకి చుట్టుకునే పట్టీలు మాత్రం సొంతవి.

ఈ వ్యాసం ఆ మూడు తూటాల గురించి. ఇంత చిన్న విషయం మీద ఇంత పెద్ద వ్యాసం ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ రోజు తుపాకి ఎంత దూరం కొట్టిందన్న ప్రశ్న మా కుటుంబానికి చావు బతుకుల ప్రశ్న అయింది కాబట్టి.

దాదీ లెక్క ప్రకారం అది నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారడం మొదలైన రెండు మూడేళ్లకి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర మీద ఆ డ్యామ్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. అంటే 1934 ప్రాంతం అనుకోవాలి. యాసంగి జొన్న కోసేశారు. రేగడి నేల నెర్రెలిచ్చింది. పనుల్లేని రోజులు. జాగీర్దారు పహరా నుంచి సెలవు మీద వచ్చిన ఇంకో జవాను తనతో ఓ తుపాకి తెచ్చాడు. పొట్టి తుపాకి. సవార్లు జీను పక్కన వేలాడదీసుకునేది. ఇంగ్లీషులో కార్బైన్ అంటారు. మా ఉర్దూలో కరాబీన్. ఊళ్లో వాళ్లకి అది "పొట్టి తుపాకి". అంతే.

పోటీ ఎవరూ పెట్టలేదు, మాటల మీద పుట్టింది. ఊరి పటేలు దగ్గర ఓ వేట తుపాకి ఉంది. కౌలాస్ వైపు నుంచి వచ్చిన ఓ రాజ్‌పుత్ ముసలాయన గొట్టంలో మందు దట్టించి పేల్చే పాత తుపాకి తెచ్చుకున్నాడు. తండా నుంచి ఓ లంబాడా వేటగాడు వచ్చాడు. ఎవరి గురి ఎంత అని మొదలై, కుంట అవతలి తుమ్మచెట్టుకి సున్నం పూసిన కడవ వేలాడదీసేదాకా పోయింది. పందెం ఓ పొట్టేలు. గెలిచినవాడికి కాదు. ఓడినవాళ్లంతా డబ్బులేసి కొనాలి, అందరూ తినాలి. ముల్లా సాబ్ వచ్చి జబహ్ చేస్తేనే పటేలు ఇంట్లో కూడా పొట్టేలు తెగే రోజులవి. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే కట్టుకథలా అనిపిస్తోంది. మా ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని ఊళ్లలో అలా జరుగుతూనే ఉంది.

మొదట దగ్గర నుంచి కొట్టారు. అందరికీ తగిలింది. కడవలు పగులుతుంటే పిల్లలు ఈలలు. తర్వాత వెనక్కి జరిగారు. వేట తుపాకి పనికి రాలేదు. రాజ్‌పుత్ ముసలాయన నవ్వి కూర్చున్నాడట. కుంట కట్ట మీదికి వచ్చేసరికి మిగిలింది కరాబీన్ ఒక్కటే. తూటాలు మూడే ఇచ్చాడు జవాను. ఒక్కో తూటాకి పైన లెక్క చెప్పుకోవాలి.

మొదటి తూటా కడవకి చాలా ముందే నేలలో దిగింది. దుమ్ము లేచింది. రెండోది చెట్టుకి ఎడమపక్క నుంచి పోయింది. మూడోదానికి మా దాదా కడవని చూడటం మానేశాడట. కడవకి రెండు మూరల పైన, కొంచెం కుడికి, ఓ కొమ్మ చీలిక ఉంది. దాని మీద మక్ఖీ నిలబెట్టి పేల్చాడు. ఈ "రెండు మూరలు" దాదీ చెయ్యి చాపి చూపించేది. దయచేసి ఈ మాట గుర్తు పెట్టుకోండి.

కడవ పగిలిందా? పగిలిందని మా అబ్బా. ఆయనప్పటికి పుట్టలేదు. కడవకి తగల్లేదు, తాడు తెగి కిందపడి పగిలిందని దాదీ. ఆమె కట్ట వెనక నుంచి బుర్ఖాలోంచి చూసింది. నేను దాదీ మాటే నమ్ముతాను. పొట్టేలు మాత్రం తిన్నారు.

ఇలా గురి చూసి కొట్టే ఆటని ఉర్దూలో చాంద్‌మారి అంటారు. చాంద్ అంటే చందమామ. దూరాన నిలబెట్టిన తెల్లటి గుండ్రటి పలక చందమామలా ఉంటుంది కాబట్టి, దాన్ని కొట్టడం చాంద్‌మారి. దేశంలో ఫౌజు ఛావనీలున్న చాలా ఊళ్లలో ఈ పేరుతో ఓ మైదానమో, ఓ బస్తీయో ఉంటుంది. తుపాకి ఒళ్లంతా మా భాషే. గొట్టం నాలీ. మడమ కుందా. వేలితో లాగేది లబ్‌లబీ. వెనక చూసే చీలిక దీద్‌బాన్. ముందు చివరన ఉండే చిన్న ముక్క మక్ఖీ, అంటే ఈగ. ఈగని చందమామ మీద కూర్చోబెట్టడమే గురి! తెలుగువాళ్ల తుపాకి మాటకూడా టర్కీ నుంచి ఫార్సీ మీదుగా నడిచొచ్చిందే. జవాను, సిపాయి, లష్కరు, పహరా, హవల్దారు, దఫేదారు... తెలుగు పుస్తకాల్లోంచి మమ్మల్ని తీసేయొచ్చు గాని తెలుగులోంచి ఎలా తీస్తారు?

ఈ కరాబీన్ మా ఊరి దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే 1857 దాకా వెనక్కి పోవాలి.

హైదరాబాద్‌లో 1857 అంటే తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. ఆ ఏడు జూలై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఎదురుగా ఉన్న రెండు ఇళ్ల మేడల మీద నుంచి కాల్పులు జరిపారు. ఒక ఇల్లు అబ్బన్ సాబ్‌ది, ఇంకోటి జయగోపాల్ దాస్‌ది. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రెబాజ్ ఖాన్‌ని 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీని అండమాన్‌కి పంపారు. దానికి ముందే, జూన్‌లో, ఔరంగాబాద్‌లో హైదరాబాద్ కంటింజెంట్ సవార్లు ఎదురు తిరిగారు. దఫేదార్ మీర్ ఫిదా అలీ తన పై అధికారి కెప్టెన్ అబాట్ మీద కాల్చాడు. గురి తప్పింది. ఉరి తీశారు.

మా పక్కనే కౌలాస్ కోట. అక్కడి రాజా దీప్‌సింగ్, నర్ఖేడ్ పట్వారీ రంగారావు పాగే, జాగీర్దారు సఫ్దరుద్దౌలా - ఓ రాజ్‌పుత్, ఓ మరాఠీ బ్రాహ్మడు, ఓ ముసల్మాను - ముగ్గురూ నానా సాహెబ్ తరఫున ఇక్కడ తిరుగుబాటు లేపాలని చూసి దొరికిపోయారు. రంగారావు అండమాన్‌లో 1860లో చనిపోయాడు. సఫ్దరుద్దౌలా ఆస్తి పోయి జైలు పాలయ్యాడు. దీప్‌సింగ్‌కి మూడేళ్లు జైలు. బడి పిల్లల్ని కౌలాస్ కోట చూడ్డానికి తీసుకుపోతారు గాని ఈ మూడు పేర్లు కలిపి ఎవరూ చెప్పరు. కలిపి చెబితే కదా అర్థం!

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు చేసిన పని ఒకటుంది. దీని గురించి మన చరిత్ర పుస్తకాల్లో నాకెక్కడా కనిపించలేదు. 1857 నాటికి సిపాయిలకి ఇవ్వడం మొదలుపెట్టిన ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుండేవి. ఆ గాళ్ల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ దూరం పోతుంది, గురిగా పోతుంది. కొవ్వు రాసిన తూటాల గొడవంతా ఈ తుపాకి మీదే. తిరుగుబాటు అణిచాక 1858, 1859 నమూనాలని కొత్తగా తయారు చేయించారు. చూడ్డానికి అదే తుపాకి. గొట్టం లోపల మాత్రం గాళ్లు లేవు, నున్నగా ఉంటుంది. నల్ల సిపాయికి ఇది, తెల్ల సోల్జర్‌కి గాళ్లున్నది. అంటే పోరాడమన్నారు గాని దూరం కొట్టొద్దన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1860 జూలైలో, విక్టోరియా రాణి లండన్ దగ్గర వింబుల్డన్‌లో విట్‌వర్త్ తుపాకితో 400 గజాల దూరంలోని గురిని కొట్టి రైఫిల్ పోటీలు ప్రారంభించింది. అక్కడ దూరం కొట్టడం వినోదం. ఇక్కడ దూరం కొట్టగలగడమే నేరం.

1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చాడు. అదే ఏడు దేశభాషల పత్రికల చట్టం కూడా తెచ్చాడు. తుపాకికీ కలానికీ ఒకే ఏడు సంకెళ్లు. ఉర్దూలోనూ తెలుగులోనూ పత్రికల కోసం రాసి బతికేవాణ్ణి, ఈ రెండు చట్టాలూ కవల పిల్లలని నాకు అనిపించడంలో వింతేముంది? పత్రికల చట్టం 1882లో పోయింది. ఆయుధాల చట్టం నిలిచింది.

ఇక మార్టినీ. స్విట్జర్లాండ్‌లో ఉన్న మార్టినీ అనే ఆయన తలుపు, ఎడింబరోలో ఉన్న హెన్రీ అనే ఆయన గొట్టం కలిపి 1871లో ఇంగ్లీషు ఫౌజుకి ఇచ్చారు. కింద ఓ మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే తలుపు తెరుచుకుంటుంది, ఖాళీ ఖోఖా బయట పడుతుంది. చేత్తో ఇంకోటి పెట్టి మీట మూయాలి. ఒక్కసారికి ఒక్కటే. ఫౌజు తూటాలో 85 గ్రెయిన్ల నల్లమందు, 480 గ్రెయిన్ల సీసపు గుండు. ఇది పొడుగు తుపాకికి. గుర్రం మీద కూర్చునేవాడికి అంత పొడుగు పనికిరాదు కాబట్టి 1877లో గొట్టం పొట్టిగా చేసి కరాబీన్ తెచ్చారు. పొట్టిగా, తేలిగ్గా అయ్యేసరికి ఆ తూటా పేలిస్తే భుజం విరగ్గొట్టినంత పని చేసేది. దాంతో మందు 70 గ్రెయిన్లకి, గుండు 410 గ్రెయిన్లకి తగ్గించారు. పేలిస్తే ముందు తెల్లటి పొగ. గాలి లేకపోతే కాసేపు కాల్చినవాడికి ఏమీ కనిపించదు. తగిలిందో లేదో పక్కవాళ్లు చెప్పాలి.

నేను ఆర్ట్స్ చదివినవాణ్ణి. ఈ లెక్కలు వేయడానికి ఓ ఫిజిక్స్ లెక్చరర్ మిత్రుణ్ణి విసిగించాను. కరాబీన్ గుండు సెకనుకి పదకొండు వందలకి కాస్త పైగా అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ఇప్పటి తుపాకుల్లో సగం కూడా లేదు. దారిలో ఇంకా మందగిస్తుంది. నేల లాగేస్తూ ఉంటుంది. నూరు గజాల దగ్గర సరిగ్గా తగిలేట్టు సరిచేసిన తుపాకి, అదే గురితో రెండు వందల గజాల దగ్గర మూడడుగుల పైచిలుకు కింద పడుతుంది. మూడు వందల గజాల దగ్గర దాదాపు పదడుగుల కింద. అర మైలు దగ్గరయితే తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టి దాని కొసకి గురి పెట్టాలి. ఎత్తు సరిచేసుకోవడానికి దీద్‌బాన్ మీద మడత రేకు ఉంటుంది, దాని మీద వందల గజాల అంకెలుంటాయి. మా ఊరొచ్చిన తుపాకికి ఆ రేకు ఎప్పుడో ఊడిపోయింది. దాదీకి ఈ సంగతి ఎలా తెలుసంటే, ఆ జవాను దానికి మేకు కొట్టించమని కమ్మరి దగ్గరికి పంపితే కమ్మరి నవ్వి పంపేశాడట.

పై ఇంగ్లీషు తుపాకి ఇంత కిందికి రావడానికి కారణం దక్షిణాఫ్రికా. 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధంలో బోయర్ రైతులు మాజర్ తుపాకులతో వెయ్యి గజాల అవతల నుంచి కొడుతుంటే ఇంగ్లీషు సవార్ల పొట్టి తుపాకులు ఎందుకూ పనికిరాలేదు. దాంతో కరాబీన్ శకం ముగిసింది. కాల్బలానికీ సవారుకీ ఒకే పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. అప్పటికే పాతబడ్డ మార్టినీలు మెట్టు మెట్టూ దిగాయి - ఫౌజు నుంచి పోలీసుకి, పోలీసు నుంచి సంస్థానాలకి, అక్కడి నుంచి జాగీర్ల పహరాలకి. పై వాళ్లకి పనికిరానిదే కింది వాడి చేతికి అందుతుంది. చొక్కాలూ అంతే, తుపాకులూ అంతే. పోలీసుల కోసం ఇషాపూర్ కార్ఖానాలో .303 తుపాకుల్నే మార్చి, నున్నటి గొట్టంతో, ఒక్కసారికి ఒక్కటే పేలే .410 మస్కెట్లు చేశారు. స్వరాజ్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు అవి ఠాణాల్లో ఉన్నాయి. దూరం కోసేయడం అనే ఆ పాత తెలివి అంత గట్టిది.

నిజాం సవార్లకి ఇంకో కథ ఉంది. 1914లో టర్కీ యుద్ధంలోకి దిగితే, ఖలీఫా వైపు కాకుండా ఇంగ్లీషు వైపు నిలబడమని ఉస్మాన్ అలీ ఖాన్ ముసల్మానులకి పిలుపునిచ్చాడు. హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గర, తర్వాత పాలస్తీనాలో పనిచేశారు. జుమ్మా నమాజులో ఎవరి పేరు మీద దువా చేశారో ఆ ఖలీఫా ఫౌజు మీదికే! దేశభక్తి పరీక్ష మాకు కొత్త కాదు. పరీక్ష పెట్టేవాడు మారతాడు. పరీక్ష రాసేవాడు మారడు.

ఇప్పుడు పెద్దకొడప్‌గల్ దూరం సంగతి.

తుమ్మచెట్టు కింద మూడు తూటాలు పేలిన ఏడాదికి ఊళ్లో ఆ దూరం మూడు వందల గజాలు. మా అబ్బా పిల్లాడిగా ఉన్నప్పుడు వినేసరికి అయిదు వందలు. పిట్లం సంతలో అర మైలు అయింది. 1946, 47 వచ్చేసరికి, "ఫలానా తురకాయన కోసు దూరం నుంచి మనిషి నుదుట కొడతాడు" అని బిచ్కుంద దాకా చెప్పుకున్నారట. కడవ ఎప్పుడు మనిషి అయింది? ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరూ నాలుగడుగులు కలిపారు. మొదట్లో ఆ కలపడంలో గొప్ప ఉంది. మా ఊరివాడు, మా సవారు అని. తర్వాత భయం కలిసింది.

భయానికి కారణాలు లేవని నేననను. రజాకార్లు చేసిన ఘోరాలు చేసినవే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగింది మరిచిపోయే హక్కు ముసల్మానుకి లేదు, నాకసలే లేదు. ఎందుకంటే దానికి అయిదారు రోజుల ముందే 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని కాచిగూడలో చంపారు. తుపాకితో కాల్చారు, చెయ్యి నరికారు. ఆయన ఉర్దూ జర్నలిస్టు, ముసల్మాను. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాశాడు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో భూమి కోసం చచ్చిపోయిన షేక్ బందగీ కూడా ముసల్మానే. వీళ్ల చేతుల్లో తుపాకుల్లేవు. తుపాకి లేని ముసల్మాను ఎవరి కథకీ పనికిరాడు కాబట్టి వీళ్లని స్మరించే రోజున తప్ప మిగతా రోజుల్లో లెక్కలోకి తీసుకోరు.

సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజు వచ్చింది. 17న నిజాం చేతులెత్తేశాడు. 18న మేజర్ జనరల్ చౌధురి ముందు ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. దానికి పోలీసు యాక్షన్ అని పేరు. నాలుగు రోజుల యుద్ధం నగరంలో వాళ్లకి. మా వైపు యాక్షన్ ఆ తర్వాతే మొదలైంది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం ఆ నవంబర్, డిసెంబర్‌లలో తిరిగి రాసిన రిపోర్టు, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మాకు ఓ పక్క బీదర్, ఓ పక్క నాందేడ్. పక్కనే ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లయితే 1956 దాకా నాందేడ్ జిల్లాలోనే ఉండేవి. ఆ రిపోర్టు 2013 దాకా మామూలు జనానికి చదవడానికి అందలేదు. అందులో ఒక మాట మా ఇంటికి నేరుగా సంబంధించినది. ముసల్మానుల దగ్గరున్న ఆయుధాలు లాగేసుకున్నారు, అవతలివాళ్ల చేతుల్లోవి చాలాచోట్ల వదిలేశారు అని.

మా దాదా దగ్గర లాక్కోడానికి ఆయుధం లేదు. అదే ఆయన నేరమైంది.

వచ్చినవాళ్లు ఫౌజా, పోలీసులా, ఇంకెవరైనానా - దాదీ ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. "ఆయే సో లోగ్" అనేది. వచ్చినవాళ్లు. కోసు దూరం కొట్టే తుపాకి ఏదని అడిగారు. లేదన్నాడు. జాగీర్దారుదని, జవాను పట్టుకుపోయాడని, పద్నాలుగేళ్ల కిందటి మాటని చెప్పాడు. నమ్మలేదు. ఎలా నమ్ముతారు? తుపాకి లేదంటే ఎక్కడో దాచినట్టే కదా! ఇంట్లో మూడు చోట్ల నేల తవ్వారు. పొయ్యి తవ్వారు. జొన్నల గాదె కుమ్మరించారు. తాకట్లో ఉన్న దాదీ చెంపస్వరాల చీటీ కూడా అప్పుడే పోయింది. చివరికి గూట్లో సుర్మాదానీ దొరికింది. బిరడా తీసి కుమ్మరిస్తే నల్లటి పొడి పడింది. బారూద్ అన్నారు.

కళ్లకి పెట్టుకునే సుర్మాని బారూద్ అన్నారు. దాదీ నవ్వుతూ చెప్పేది ఈ ముక్క. మా అబ్బా నవ్వేవాడు కాదు.

దాదాని తీసుకుపోయారు. ఇరవై ఆరు రోజులు. పటేలు వెళ్లి, కడవ ముచ్చటంతా చెప్పి, ఆ రోజు నేనూ ఉన్నాను, అది ఆట అని చెప్పాడు. ఆ సాక్ష్యం పనిచేసిందని మా అబ్బా గట్టిగా నమ్మేవాడు. దాదీ మాత్రం బేరం కుదిరాకే వదిలారనేది. గుర్రం అప్పటికే లేదు, ఎడ్లు పోయాయి. సుర్మాదానీ వెనక్కి ఇచ్చారు. ఖాళీగా. దాదా తిరిగొచ్చాక కుడి చూపుడు వేలు మడిచేవాడు కాదట. నొప్పి వల్లనో, ఇంకెందుకో. ఆ తర్వాత ఆయన కడవ ముచ్చట ఎన్నడూ ఎత్తలేదు. అడిగినవాళ్లకి "తగల్లేదు" అనేవాడు. దూరం అడిగితే, "దగ్గరే" అనేవాడు.

ఎవరైనా సొంత గురిని ఇలా తగ్గించి చెప్పుకుంటారా? వేటగాళ్లు పెంచుకుంటారు, పహిల్వాన్లు పెంచుకుంటారు. నా తాతకి తన జీవితంలోని ఒకే ఒక్క మంచి దెబ్బని తనే చిన్నది చేసుకోవాల్సి వచ్చింది.

ఏటా సెప్టెంబర్ 17 వస్తుంది. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినం అంది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. అదే 2024 మార్చిలో 'రజాకార్' పేరుతో సినిమా వచ్చింది. పేర్లు ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకోండి. ఆ రోజు నాకు ముందుగా గుర్తొచ్చేది తవ్విన పొయ్యి.

కొన్నాళ్ల కిందట నేను టేపు పట్టుకుని పెద్దకొడప్‌గల్ వెళ్లాను. 2016 నుంచి అది మండల కేంద్రం. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే జాతీయ రహదారి మీద లారీలు నిద్రపోనివ్వవు. కుంట సగానికి పైగా చేలల్లో కలిసిపోయింది. కట్ట మాత్రం ఉంది. తుమ్మచెట్టు లేదు గాని దాని పక్కన దాదీ చెప్పిన పెద్ద గుండు రాయి ఉంది. సోయా చేను గట్టు మీదుగా, ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని కొలిచాను. మొదటిసారి 212 గజాలు వచ్చింది. రెండోసారి 209.

కోసు కాదు. అర మైలు కాదు. మూడు వందల గజాలు కూడా కాదు. రెండు వందల పది.

ఇప్పుడు ఆ రెండు మూరలు గుర్తు తెచ్చుకోండి. మూర అంటే అడుగున్నర. రెండు మూరలు మూడడుగులు. రేకు ఊడిన కరాబీన్‌తో రెండు వందల పది గజాల దూరాన్ని కొట్టాలంటే మూడు, మూడున్నర అడుగుల పైకి గురిపెట్టాలని నా మిత్రుడి లెక్క. అక్షరం చదువురాని మా దాదీ చెయ్యి చాపి చూపించిన కొలతా అదే. నిజంగా కోసు దూరమే అయితే దాదా కొమ్మ చీలికకి కాదు, మబ్బుకి గురిపెట్టాలి. ఈ లెక్క 1948లో ఎవరైనా వేసి ఉంటే... ఎవరు వేస్తారు? ఎవరి కోసం వేస్తారు?

రెండు వందల పది గజాలయినా చిన్న దెబ్బ కాదని కూడా చెప్పాలి. రేకు లేని, గొట్టం అరిగిన తుపాకి. మూడే తూటాలు. మొదటిది ఎత్తు చెప్పింది, రెండోది గాలి చెప్పింది, మూడోదానికి రెండూ కలిపి తాడు తెంపాడు. అది సవారు పనితనం. ఏళ్ల తరబడి ఎవరి ఇంటి ముందో నిలబడి నేర్చుకున్నది.

టేపు చుడుతుంటే చేను తాలూకు ముసలాయన గట్టు మీదికి వచ్చాడు. ఎవరి భూమి కొలుస్తున్నారోనని ఆయన కంగారు. నేను ఫలానా సవారు మనవణ్ణని చెప్పాను. ఆయన మొహం విప్పారింది. చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాడు. మంచినీళ్లు తెప్పించాడు. మా నాయన చెప్పేటోడు మీ తాత ముచ్చట, అంత గురి మల్ల ఈ ఇలాకల ఎవ్వనికి రాలేదు అన్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నవ్వుతూ అడిగాడు:

"ఇంతకీ, ఆ తుపాకి దొరికిందా సాబ్?"